పాట ఎవరి పేరున ఉంది?

(హనుమకొండలో జానపద, ప్రైవేట్ ఆల్బమ్ కళాకారుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో పాట రాసేవాళ్లున్నారు, బాణీ కట్టేవాళ్లున్నారు, పాడేవాళ్లున్నారు, సొంత యూట్యూబ్ చానల్ నడిపేవాళ్లున్నారు. ఇందాక బయట టీ తాగుతుంటే చాలామంది నన్ను ఒకటే అడిగారు. "అన్నా, పాట రిజిస్టర్ చేపిస్తే ఎంతొస్తది?"

జవాబు ముందే చెప్పేస్తాను. రిజిస్టర్ చేయించినంత మాత్రాన రూపాయి కూడా రాదు. పాస్‌బుక్ చేతికొచ్చిందని పంట పండదు కదా. అలాగని పాస్‌బుక్ వద్దనుకునే రైతు ఎక్కడా ఉండడు. పాట విషయంలో మన ఇబ్బంది ఏమిటంటే, ఒక పాటకి ఇలాంటి పుస్తకాలు నాలుగైదు ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో చోట ఉంది, ఒక్కోదాని నుంచి ఒక్కో రకం డబ్బు వస్తుంది. మనవాళ్లు ఒకదాంట్లో పేరు ఎక్కించుకుని, మిగతావాటి డబ్బు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటున్నారు.

ముందు పాట సంగతి చూద్దాం. మన చెవికి పాట ఒకటే. 1957 కాపీరైట్ చట్టం మాత్రం దాన్ని మూడుగా చూస్తుంది. రాసిన మాటలు ఒక రచన. బాణీ వేరే రచన. ఆ రెండింటినీ పాడించి రికార్డు చేస్తే వచ్చే సౌండ్ రికార్డింగ్ మూడోది. వీడియో తీస్తే అది నాలుగోది, చట్టం లెక్కలో సినిమా కిందికి వస్తుంది. ఈ నాలుగింటికీ నలుగురు వేర్వేరు యజమానులు ఉండొచ్చు.

అన్నమయ్య కీర్తన తీసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అన్నమయ్య 1503లో పరమపదించారు. ఆ సాహిత్యం మీద ఇవాళ ఎవరికీ కాపీరైట్ లేదు, మీరైనా నేనైనా పాడుకోవచ్చు. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, ఎలా పాడాలో చెప్పే స్వరాలు మాత్రం రాసి లేవు. అందుకని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు లాంటి పెద్దలు వాటికి కొత్తగా బాణీలు కట్టారు. చట్టం ప్రకారం రచయితకైనా స్వరకర్తకైనా బతికున్నంత కాలం హక్కు ఉంటుంది, చనిపోయిన తర్వాతి సంవత్సరం మొదలు మరో 60 ఏళ్లు ఉంటుంది. రాళ్లపల్లి వారు 1979లో కన్నుమూశారు కాబట్టి ఆయన బాణీలకు 2039 చివరిదాకా రక్షణ ఉంది. నేదునూరి గారు 2014లో పోయారు, ఆ బాణీలకు 2074 చివరిదాకా. ఆ హక్కు ఇప్పుడు కుటుంబం దగ్గర ఉందా, ఏదైనా సంస్థ దగ్గర ఉందా అనేది కాగితాలను బట్టి తేలాల్సిన విషయం.

ఇప్పుడు మీరు ఆ బాణీలోనే ఒక కీర్తన మీ స్టూడియోలో పాడించి విడుదల చేశారనుకోండి. ఆ రికార్డింగ్ మీది, విడుదలైన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు మీకు హక్కు. సాహిత్యం అందరిదీ. బాణీ మాత్రం అడిగి తీసుకోవాల్సింది. చానళ్లలో చూడండి, బాణీ పక్కన "సాంప్రదాయం" అని రాసి వదిలేస్తారు. ఆ ఒక్క మాటతో ఒక పెద్దాయన కష్టాన్ని తుడిచేస్తున్నాం. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

మన జానపదంలో ఇంకో రకంగా జరుగుతోంది. ఊళ్లో నాట్లేసే పెద్దమ్మ దగ్గర ఒక పాట ఉంటుంది. ఫోన్‌లో రికార్డు చేసుకొస్తాం. రెండు చరణాలు కలిపి, డప్పు జోడించి, "సాహిత్యం, సంగీతం ఫలానా" అని మన పేరు వేసుకుంటాం. తరతరాలుగా వస్తున్న పాట మీద ఎవరికీ కాపీరైట్ రాదు. మీరు కొత్తగా కలిపిన చరణాలు మీవి, కొత్తగా కూర్చిన సంగీతం మీది, అంతవరకే. పాత పల్లవి మీది కాదు. రేపు పక్క ఊరివాళ్లు అదే పల్లవితో పాట చేస్తే, ఆ వీడియో తీసేయమని యూట్యూబ్‌లో స్ట్రైక్ వేసే హక్కు మీకు లేదు. ఇక ఆ పెద్దమ్మ గొంతు మీ ట్రాక్‌లో ఉంటే ఆమె చట్టం దృష్టిలో ప్రదర్శకురాలు. ఆమెకి 50 ఏళ్ల ప్రదర్శకుల హక్కు ఉంది. ఆమె ఒప్పుకున్నట్టు కాగితం ఉండాలి, తెర మీద పేరు ఉండాలి, వచ్చేదాంట్లో వాటా ఉండాలి. వేలిముద్ర వేసే మనిషైతే ఆ కాగితంలో ఏముందో ఇంట్లోవాళ్ల ముందు చదివి వినిపించండి.

రికార్డింగ్ యజమాని ఎవరనే దాని మీద గొడవలు ఎక్కువ. చొరవ తీసుకుని, బాధ్యత నెత్తిన వేసుకుని రికార్డింగ్ చేయించినవాళ్లను చట్టం నిర్మాత అంటుంది. మైకు నాది, గది నాది అన్నంత మాత్రాన స్టూడియో ఆయన యజమాని కాడు. స్టూడియో ఖర్చు ఒకరు, వీడియో ఖర్చు ఒకరు, చానల్ ఇంకొకరు పెట్టుకుని నోటిమాట మీద నడిపిస్తే, పాట నడవనంత కాలం అందరూ అన్నదమ్ములే. హిట్టయిన వారానికి ఫోన్లు ఎత్తరు.

అందుకే నేను పనిచేసే స్టూడియోలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఫైనల్ మిక్స్ విని, ఇంకా ఎవరూ లేచి వెళ్లకముందే ఒక పేజీ కాగితం టేబుల్ మీద పెడతాం. స్ప్లిట్ షీట్ అంటారు దాన్ని. పాట పేరు, తేదీ, రాసింది ఎవరు, బాణీ ఎవరిది, పాడింది ఎవరు, వాయించింది ఎవరు, డబ్బు పెట్టింది ఎవరు, ఎవరికి ఎంత శాతం. అందరి సంతకాలు, పాన్ నంబర్లు. కోరస్ పాడిన అమ్మాయి పేరు కూడా అందులో ఉంటుంది. పది నిమిషాల పని. మొదట్లో "మన మధ్య కాగితాలేంది అన్నా" అన్నవాళ్లే ఇప్పుడు వాళ్లంతట వాళ్లే అడిగి రాయించుకుంటున్నారు.

ఇప్పుడు రిజిస్ట్రేషన్. కాపీరైట్ ఆఫీస్ ఢిల్లీలో ఉంది. అక్కడికి వెళ్లనక్కర్లేదు, అంతా ఆన్‌లైనే. ఫారం 14 నింపాలి. సాహిత్యానికి 500 రూపాయలు, బాణీకి 500, సౌండ్ రికార్డింగ్‌కి 2,000, వీడియోకి 5,000. ఈ ఫీజు తేడా ముందే తెలిసి ఉంటే మంచిది. మొన్న ఒక తమ్ముడు పాట రాసింది, బాణీ కట్టింది తనే అయ్యుండి, సౌండ్ రికార్డింగ్ ఒక్కటే రిజిస్టర్ చేయించి అన్నీ అయిపోయాయనుకున్నాడు. అది ఆ ఒక్క రికార్డింగ్‌కే పనికొస్తుంది. అదే బాణీని ఇంకొకరు మళ్లీ పాడించి విడుదల చేస్తే, బాణీ తనదని చూపించే సర్టిఫికెట్ ఆ తమ్ముడి దగ్గర లేదు.

అప్లై చేయగానే డైరీ నంబర్ ఇస్తారు. ఆ తర్వాత అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. మీ పాటలో హక్కు ఉన్న మిగతావాళ్లకి మీరే సమాచారం ఇవ్వాలి, వాళ్లు అభ్యంతరం లేదని రాసిచ్చిన పత్రాలు జతచేయాలి. స్ప్లిట్ షీట్ ఉన్నవాళ్లకి ఇక్కడ టెన్షన్ ఉండదు. ఎగ్జామినర్‌కి ఏదైనా తేడా కనిపిస్తే ఉత్తరం పంపుతాడు, దానికి గడువులోపు జవాబివ్వకపోతే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. చాలామంది ఆ మెయిల్ చూసుకోరు, ఎందుకంటే అది ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి మెయిల్‌కి వెళ్తుంది! మీ సొంత మెయిల్ ఇవ్వండి. బాణీకి స్వరం రాసి పెట్టండి. రాయడం రాకపోతే హార్మోనియం తెలిసిన మాస్టారు ఎవరైనా గంటలో రాసిపెడతారు.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. పాట పుట్టిన క్షణం నుంచే కాపీరైట్ ఉంటుంది. కోర్టుకి వెళ్లినప్పుడు సర్టిఫికెట్‌ని ప్రాథమిక సాక్ష్యంగా తీసుకుంటారు, కాదనేవాళ్లే రుజువు చేసుకోవాల్సి వస్తుంది. దాని బలం అది. డబ్బు లేక అన్ని పాటలూ చేయించలేకపోతే కనీసం పాట పుట్టుక దాచుకోండి. రాత్రి పన్నెండింటికి హమ్ చేసి రచయితకి పంపిన వాట్సాప్ వాయిస్, దానికి ఆయన రాసి పంపిన మొదటి చరణం, స్టూడియో ప్రాజెక్ట్ ఫైల్. ఇవన్నీ తేదీతో ఉన్న సాక్ష్యాలే. ఫోన్ మార్చేటప్పుడు ఇవి పోతుంటాయి, జాగ్రత్త.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం.

2012కి ముందు మన దగ్గర రచయిత పరిస్థితి ఏమిటంటే, కంపెనీ పెట్టిన కాగితం మీద సంతకం పెట్టాడంటే పాటతో రుణం తీరిపోయినట్టే. 1977లో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, డబ్బిచ్చి పాట చేయించుకున్న సినిమా నిర్మాతే మొదటి యజమాని అవుతాడని చెప్పింది. అదే కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ గారు గాయకుడికి చట్టంలో చోటే లేదని, పార్లమెంటు ఇది ఆలోచించాలని విడిగా రాశారు. అది చట్టంలోకి పూర్తిగా రావడానికి 35 ఏళ్లు పట్టింది. హిందీ గీత రచయిత జావేద్ అఖ్తర్ గారు రాజ్యసభలో నిలబడి కొట్లాడారు. 2012 జూన్ 21 నుంచి సవరణ అమల్లోకి వచ్చింది. ఇప్పుడు రచయిత, స్వరకర్త తమ కాపీరైట్‌ని కంపెనీకి రాసిచ్చినా, పాట వాడకం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా వాళ్లదే. ఆ వాటాని వారసులకి, కాపీరైట్ సొసైటీకి, అంటే సభ్యుల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థకి తప్ప ఎవరికీ రాసివ్వలేరు. "అన్ని హక్కులూ, రాయల్టీతో సహా, శాశ్వతంగా" అని ఒప్పందంలో ఉన్నా రాయల్టీ వరకు ఆ షరతు చెల్లదు. మీరు ఇప్పటికే అలాంటి కాగితం మీద సంతకం పెట్టి ఉంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి. సినిమా థియేటర్‌లో సినిమాతో పాటు వచ్చేదానికి మాత్రం ఇది వర్తించదు.

ఆ వాటా వసూలు చేసేది ఐపీఆర్‌ఎస్ అనే కాపీరైట్ సొసైటీ. 1969లో ముంబైలో మొదలైంది, సవరణ తర్వాత 2017లో మళ్లీ రిజిస్టర్ అయింది. రేడియో, టీవీ, స్ట్రీమింగ్ యాప్‌లు, హోటళ్లు, ఈవెంట్లు, వీటన్నిటి నుంచి రచయితల కోసం, స్వరకర్తల కోసం వసూలు చేస్తుంది. మామూలుగా రచయితకి నాలుగో వంతు, స్వరకర్తకి నాలుగో వంతు, హక్కులు కొన్న పబ్లిషర్‌కి సగం వెళ్తుంది. సభ్యత్వం తీసుకున్నాక చాలామంది పని అయిపోయిందనుకుంటారు. అక్కడే మొదలవుతుంది. ఒక్కో పాట వివరాలు వాళ్లకి ఎక్కించాలి. మీరు ఎక్కించని పాట వాళ్ల లెక్కల్లో లేదు, ఎంత మోగినా సరే.

పాడేవాళ్లకి, వాయించేవాళ్లకి వేరే సొసైటీ ఉంది. 2013లో ఇస్రా పేరుతో గాయకుల కోసం రిజిస్టర్ అయింది, ఇప్పుడు వాద్యకారులను కూడా కలుపుకుని ఇసామ్రా అంటున్నారు. సౌండ్ రికార్డింగ్ యజమానుల తరఫున బహిరంగ ప్రదర్శన లైసెన్సులకు 2021లో ఆర్‌ఎంపీఎల్ అనే సొసైటీ రిజిస్టర్ అయింది. అదే పని చేస్తూ 1941 నుంచి ఉన్న పీపీఎల్ అనే సంస్థ, సొసైటీగా రిజిస్టర్ కాకుండా లైసెన్సులు ఇవ్వొచ్చా అన్న గొడవ ఢిల్లీ హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకి వెళ్లింది. సొంత లేబుల్ పెట్టుకున్నవాళ్లు ఎందులో చేరాలో లాయర్‌ని అడిగి నిర్ణయించుకోండి.

రాసి, బాణీ కట్టి, పాడి, సొంత డబ్బుతో విడుదల చేసిన మనిషికి ఈ డబ్బులన్నీ విడివిడిగా రావాలి. ఎక్కువ మంది ఒక్క యూట్యూబ్ డబ్బు చూసి ఇంతే అనుకుంటున్నారు. నాకు తెలిసిన ఒక గాయని ఉంది. ఆమె పాట బతుకమ్మ రోజుల్లో మోగని వీధి లేదు. ఒకసారి ఇచ్చిన పారితోషికం తప్ప ఆమెకి ఏమీ రాలేదు. పాట చివరి రెండు చరణాలు ఆమే రాసింది, ఆ సంగతి ఎక్కడా రాసి లేదు. స్టూడియోలో ఉన్నవాళ్లందరికీ గుర్తుంది. గుర్తుండి ఏం లాభం?

ఇంకో చోట కూడా డబ్బు ఆగిపోతుంది, పేర్ల దగ్గర. ఇది మన తెలుగువాళ్లకి మరీ ఎక్కువ. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఇనీషియల్ ఉంటుంది, యూట్యూబ్‌లో ఊరి పేరు కలిపిన స్టేజ్ పేరు, యాప్‌లో డిస్ట్రిబ్యూటర్, అంటే మన పాటని యాప్‌లకి చేర్చే కంపెనీ, టైప్ చేసిన పేరు. శ్రీనివాస్‌కి ఇంగ్లీషులో ఒకచోట ఐ, ఒకచోట రెండు ఈలు. లక్ష్మికి ఒకచోట ఎక్స్, ఒకచోట కేఎస్‌హెచ్. మనిషికి అందరూ ఒకరే అని తెలుసు, కంప్యూటర్‌కి నలుగురు. డబ్బు ఎవరిదో తేలక పక్కన పడి ఉంటుంది. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గ్రామఫోన్‌కి పాడినప్పుడు పాట చివర్లో "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని గట్టిగా చెప్పేది. ఆ రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి. ఏ పాట ఎవరిదో అక్కడివాళ్లకి తెలియాలి కదా. ఆమె ఆరోజు గొంతుతో చేసిన పని ఇవాళ మనం నంబర్లతో చేయాలి.

సొసైటీలో చేరితే రచయితకి, స్వరకర్తకి ఐపీఐ అనే గుర్తింపు నంబర్ వస్తుంది. అది మీది, జీవితాంతం ఒకటే. పాటకి, అంటే మాటలు, బాణీకి, ఐఎస్‌డబ్ల్యూసీ అనే నంబర్. రికార్డింగ్‌కి ఐఎస్‌ఆర్‌సీ అనే కోడ్, 12 అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. అందులో దేశం, తీసుకున్నవాళ్ల కోడ్, సంవత్సరం, వరుస సంఖ్య ఉంటాయి. ఒరిజినల్‌కి ఒకటి, మీరే చేసిన డీజే రీమిక్స్‌కి ఇంకొకటి. డిస్ట్రిబ్యూటర్‌ని మార్చినా పాత రికార్డింగ్‌కి పాత ఐఎస్‌ఆర్‌సీనే వాడండి. కొత్తది వేస్తే ఆ పాట యాప్‌లకి కొత్త రికార్డింగ్ అయిపోతుంది, లెక్క రెండు ముక్కలవుతుంది. ఈ నంబర్లన్నీ ఒక నోట్‌బుక్‌లో పాటకి ఒక పేజీ చొప్పున రాసుకోండి. ఇంట్లో ఎవరికైనా ఆ నోట్‌బుక్ ఎక్కడుందో చెప్పి ఉంచండి.

కంటెంట్ ఐడీ గురించి రెండు మాటలు. మీ రికార్డింగ్‌ని ఇంకెవరైనా వీడియోలో వాడితే యూట్యూబ్ పట్టుకుని ఆ డబ్బు మీకు పంపే ఏర్పాటు అది. మీ ట్రాక్‌లో ఉన్నదంతా మీకు మాత్రమే చెందినదై ఉండాలి. ఇంటర్నెట్‌లో కొన్న డప్పు లూప్, అంటే మళ్లీ మళ్లీ తిరిగే రెడీమేడ్ శబ్దం, పెట్టి పాట చేశారనుకోండి, అదే లూప్ మీలాగే కొనుక్కున్నవాళ్లు ఎంతమందో ఉంటారు. మీ పాట కంటెంట్ ఐడీలో పెట్టగానే వాళ్ల వీడియోలకి క్లెయిములు వెళ్తాయి, వాళ్ల నుంచి మీకు వస్తాయి. ఊళ్లో డప్పు కొట్టే అన్నని పిలిచి నాలుగు డబ్బులిచ్చి కొట్టించుకుంటే ఈ తలనొప్పి ఉండదు, శబ్దం కూడా బాగుంటుంది.

అమెరికాలో మన పాటలు వినేవాళ్లు తక్కువేం కాదు. అక్కడ స్పాటిఫై, యాపిల్ లాంటి యాప్‌ల నుంచి రచయిత, స్వరకర్తలకు రావాల్సిన మెకానికల్ రాయల్టీని, అంటే పాటని కాపీ చేసి వినిపించినందుకు ఇచ్చే డబ్బుని, 2021 నుంచి ఎంఎల్‌సీ అనే సంస్థ పంచుతోంది. ఇంటర్నెట్ రేడియో, శాటిలైట్ రేడియోల నుంచి సౌండ్ఎక్స్చేంజ్ అనే సంస్థ వసూలు చేస్తుంది. అందులో సగం రికార్డింగ్ యజమానికి, 45 శాతం ముఖ్య గాయకులకి, 5 శాతం వెనక వాయించినవాళ్లకి, పాడినవాళ్లకి. మీ తరఫున అక్కడ ఎవరు నమోదు చేశారో, అసలు చేశారో లేదో మీ డిస్ట్రిబ్యూటర్‌ని అడగండి.

ఇక ప్రశ్నలు.

*"పెళ్లిళ్లల్ల మా పాటలే మోగుతయి. దానికేమన్నా వస్తదా అన్నా?"*

రాదమ్మా. పెళ్లి, బరాత్, దానికి సంబంధించిన వేడుకల్లో పాట వాడితే ఉల్లంఘన కాదని చట్టమే చెబుతోంది. 2023 జూలైలో కేంద్రం ఇదే మళ్లీ స్పష్టం చేసింది. టికెట్ పెట్టిన షో, బార్, హోటల్ అయితే లైసెన్స్ కావాలి.

*"స్టేజీ మీద వేరేవాళ్ల పాట పాడితే గాయకుడి మీద కేసు పెడతారా?"*

2017 మార్చిలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు అమెరికా టూర్‌లో ఉండగా, తాను బాణీ కట్టిన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా గారి తరఫున నోటీసు వచ్చింది. అంత పెద్ద గాయకుడికే తప్పలేదు. లైసెన్స్ తీసుకోవాల్సింది కార్యక్రమం పెట్టేవాళ్లు. మీరు ఒప్పుకునే ముందే ఆ లైసెన్స్ కాపీ అడగండి, ఒప్పందంలో ఆ బాధ్యత నిర్వాహకులదే అని రాయించుకోండి.

*"మా నాయిన క్యాసెట్ల కాలంల పాటలు రాసిండు. ఇప్పుడు లేడు. ఆ కంపెనీ కూడ లేదు. మాకేమన్నా హక్కుంటదా?"*

ఉండే అవకాశం ఉంది తమ్ముడూ. మీ నాయిన పోయిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు సాహిత్యం మీద హక్కు నడుస్తుంది. ఆయన కంపెనీకి ఏం రాసిచ్చారో ఆ కాగితం వెతకండి. అది 1995 మే 10 తర్వాత రాసింది అయ్యుండి, అందులో ఎన్నేళ్లకో రాయకపోతే, చట్టం దాన్ని 5 ఏళ్లుగానే చూస్తుంది. ఆ తర్వాత హక్కు మళ్లీ మీ ఇంటికే వస్తుంది. అంతకుముందుదైతే కాగితంలో ఉన్న మాటలే చూడాలి. కాగితమే లేకపోతే, రాతపూర్వకంగా లేని బదలాయింపు చెల్లదు కాబట్టి ఆ కోణంలో లాయర్‌తో మాట్లాడండి. క్యాసెట్ కవర్లు ఉంటే పారేయకండి, వాటి మీద రచయితగా ఆయన పేరు ఉంటుంది, విడుదలైన సంవత్సరం ఉంటుంది. అవే మొదటి సాక్ష్యం. మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఆయన పాటల పట్టిక సిద్ధం చేసుకోండి. వారసులుగా ఐపీఆర్‌ఎస్‌లో చేరొచ్చు. భోజనాల తర్వాత నేను ఈ గదిలోనే ఉంటాను, ఆ కవర్లు ఫోన్‌లో ఫోటోలు తెప్పించు, కూర్చుని పట్టిక రాద్దాం.